ఊరి మాటా, చాటింపా?

2022 ఏప్రిల్ నుంచి సాధనా బ్రాడ్‌కాస్ట్ అనే చిన్న టీవీ కంపెనీ షేరు ధర, దానితో పాటు కొనుగోళ్లూ అమ్మకాలూ మెల్లగా రాజుకున్నాయి. జూలై రెండో సగంలో యూట్యూబ్‌లో రెండు చానళ్లు ఆ కంపెనీ గురించి వీడియోలు పెట్టాయి. దాన్ని అదానీ గ్రూపు కొనబోతోందని ఒక మాట. టీవీ కార్యక్రమాలు వదిలి సినిమాల నిర్మాణంలోకి దిగుతోందని ఇంకో మాట. నాలుగు భక్తి సినిమాలకు ఒక పెద్ద అమెరికన్ సంస్థ 1,100 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుందని మరో మాట. ఒక్కదానికీ ఆధారం లేదు. ఆ వీడియోలు జనం కంట పడాలని డబ్బు కుమ్మరించి ప్రకటనలు నడిపారు. వాటాదారుల సంఖ్య రెండు వేల పైచిలుకు నుంచి 55 వేలు దాటింది. అదే అదనుగా, ప్రమోటర్లలో కొందరూ పెద్ద వాటాలున్న మరికొందరూ పెరిగిన ధరకు అమ్ముకుని బయటపడ్డారు. 2023 మార్చి 2న మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి 31 మందిని మార్కెట్‌కు దూరంగా ఉంచింది.

ఆ జూలైలో ఎవరైనా ఆ షేరు మీద ఆన్‌లైన్ సెంటిమెంట్, అంటే మాటల్లోని మూడ్, కొలిచి ఉంటే ముల్లు చివరిదాకా వెళ్లి ఆగేది. లెక్క తప్పు కాదు. మాటలన్నీ నిజంగానే మెచ్చుకోలు మాటలు. అయితే పల్లెలో పుట్టి పెరిగినవాళ్లకు రెండు రకాల కబుర్లు తెలుసు. అరుగుల మీద, బావి దగ్గర, టీకొట్టు ముందు దానంతటది పుట్టి పెరిగేది ఊరి మాట. ఎవరో కూలి ఇచ్చి డప్పు కొట్టించి వీధివీధినా చెప్పించేది చాటింపు. చెవికి రెండూ ఒకే పదాలతో చేరతాయి. ఇరవై ఐదేళ్లుగా ప్రపంచమంతటా పరిశోధకులు తయారుచేస్తూ వచ్చిన సెంటిమెంట్ కొలతలు ఈ రెంటినీ వేరు చేయగలుగుతున్నాయా అన్నదే నా ప్రశ్న. పెద్ద కంపెనీల విషయంలో ఈ ప్రశ్నకు అంత బరువు లేదు. చిన్న కంపెనీల దగ్గర మాత్రం మొత్తం వ్యవహారం దీని చుట్టూనే తిరుగుతుంది.

చిన్న కంపెనీ అంటే మన దేశంలో కచ్చితమైన అర్థమే ఉంది. 2017 అక్టోబరులో సెబీ మ్యూచువల్ ఫండ్ల కోసం గీసిన గీత ప్రకారం మార్కెట్ విలువలో మొదటి 100 కంపెనీలు లార్జ్ క్యాప్, 101 నుంచి 250 దాకా మిడ్ క్యాప్, 251 నుంచి కిందికి ఉన్నవన్నీ స్మాల్ క్యాప్. ఆ 251 అన్న అంకెతో ఈ వ్యాసంలో మళ్లీ పని పడుతుంది.

మనుషుల మూడ్ షేర్ల ధరల్లోకి ఎక్కుతుందన్న ఆలోచన ఇంటర్నెట్ కంటే చాలా పాతది. 1991లో చార్లెస్ లీ, ఆండ్రే ష్లైఫర్, రిచర్డ్ థేలర్ ఒక వింతను పట్టుకున్నారు. అమెరికాలో క్లోజ్డ్ ఎండ్ ఫండ్ల యూనిట్లు వాటి చేతిలో ఉన్న ఆస్తుల విలువ కంటే తక్కువకు దొరుకుతుంటాయి. ఆ తగ్గింపు ఒకసారి పెరుగుతుంది, ఒకసారి తరుగుతుంది. ఆ ఫండ్లు కొనేది ఎక్కువగా మామూలు మదుపరులు. తగ్గింపు తరిగిన కాలాల్లోనే చిన్న కంపెనీల షేర్లు కూడా బాగా పెరుగుతున్నాయని వాళ్లు చూపించారు. 2006లో మాల్కం బేకర్, జెఫ్రీ వర్గ్లర్ దీన్ని ఇంకా వెడల్పు చేశారు. ఫండ్ల తగ్గింపు, షేర్లు చేతులు మారే వేగం, కొత్త ఇష్యూల సంఖ్య, లిస్టింగ్ రోజు లాభం వంటి ఆరు ఆనవాళ్లను కలిపి ఒకే సూచీ కట్టారు. ఉత్సాహం ఎక్కువగా ఉన్న కాలం తర్వాత బాగా దెబ్బతినేవి చిన్నవి, కొత్తవి, లాభం లేనివి, డివిడెండ్ ఇవ్వనివి, ధర ఎక్కువగా ఊగిసలాడేవి అని తేల్చారు.

వాళ్లు చెప్పిన కారణం నాకు ఇప్పటికీ ఈ రంగంలోకెల్లా గట్టి మాటగా తోస్తుంది. చిన్న కంపెనీకి విలువ కట్టడం కష్టం. అది తప్పు ధరలో ఉందని తెలిసినవాడికి కూడా ఆ తప్పు మీద పందెం కాయడం కష్టం. ఒక పెద్ద బ్యాంకు షేరు విలువ ఎంత అంటే పదిమంది విశ్లేషకులు చెప్పే అంకెలు దగ్గరదగ్గరగానే ఉంటాయి. ఏ విశ్లేషకుడూ చూడని ఒక రసాయనాల కంపెనీకో, నిన్నమొన్న లిస్టయిన సాఫ్ట్‌వేర్ కంపెనీకో ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకోవచ్చు. మాట చొరబడేది ఆ ఖాళీలోకే.

సరే, అసలు మాటల్నే కొలవడం ఎప్పుడు మొదలైంది? డాట్‌కామ్ బూమ్ రోజుల్లో యాహూ ఫైనాన్స్, రేజింగ్ బుల్ వంటి చోట్ల మదుపరులు రాత్రింబవళ్లు వాదించుకునేవారు. వెర్నర్ ఆంట్‌వైలర్, ముర్రే ఫ్రాంక్ 2004లో అచ్చయిన తమ పత్రంలో ఆ సందేశాలు 15 లక్షలు పోగేసి చదివించారు. చదివింది కంప్యూటరే. ముందు వెయ్యి సందేశాలను మనుషులు చేత్తో ‘కొను’, ‘అమ్ము’, ‘ఉంచు’ అని విడదీసి పెట్టారు. వాటిని చూసి నేర్చుకున్న ప్రోగ్రామ్ మిగతావన్నీ విడదీసింది. ఆ సందేశాలను బట్టి రేపటి ధర ఎటు పోతుందో చెప్పగలమా అంటే ఉన్నదీ లేనిదీ అన్నంత చిన్న ప్రభావం కనిపించింది. ధర ఎంత ఊగుతుందో మాత్రం సందేశాల రద్దీ చెప్పగలిగింది. మాటల్లో విభేదం ఉన్నప్పుడు లావాదేవీలు పెరిగాయి. 2007లో సంజీవ్ దాస్, మైక్ చెన్ ఐదు రకాల వర్గీకరణ పద్ధతులకు ఓటు వేయించి ఇంకొంచెం మెరుగైన కొలత తయారుచేశారు. టెక్నాలజీ షేర్లన్నిటినీ కలిపి చూస్తే దానికి సూచీతో సంబంధం కనబడింది, ఒక్కో షేరును విడిగా చూస్తే మాత్రం బలహీనంగానే ఉంది.

ఈ తొలి తరం పరిశోధనలతో నాకు ఒక పేచీ ఉంది. ఆంట్‌వైలర్, ఫ్రాంక్ ఎంచుకున్న 45 కంపెనీలూ డౌ జోన్స్ సూచీల్లోవి. దాస్, చెన్ చూసినవి పేరున్న టెక్ షేర్లు. సందేశాలు దండిగా దొరికేది అక్కడే కాబట్టి ఆ ఎంపిక సహజమే. కానీ వెనకటి సిద్ధాంతం చెప్పింది ఏమిటి? మూడ్ గట్టిగా తగిలేది చిన్న షేర్లకు అని. మాట ఎక్కువున్న చోట కొలిచి, మాట ప్రభావం తక్కువని తేల్చారు. 2014లో సూన్‌హో కిమ్, డోంగ్‌చియోల్ కిమ్ చేసిన పని కూడా ఆ దారిలోదే. 91 కంపెనీలు, ఆరేళ్లు, 3 కోట్ల 20 లక్షల సందేశాలు. మూడ్ ధరను ముందుగా చెప్పడం లేదని, ధర పెరిగాక జనం మూడ్ పెరుగుతోందని వాళ్లు చూపించారు. ఈ ఫలితాన్ని పక్కన పెట్టి ఎవరూ ఈ విషయం గురించి మాట్లాడకూడదు. గాలిపటం ఎగరడం వల్లే గాలి వీస్తోందని అనుకోవడం లాంటి పొరపాటు సెంటిమెంట్ వ్యాపారంలో రోజూ జరుగుతోంది.

చిన్న షేర్ల దగ్గరికి వస్తే బొమ్మ మారుతుంది. ఆస్ట్రేలియాలో హాట్‌కాపర్ అనే వేదికలో పోగైన 25 లక్షలకు పైగా సందేశాలను హెన్రీ ల్యూంగ్, థాయ్ టన్ చదివించి 2015లో ప్రకటించారు. అక్కడ గనుల తవ్వకం మీద ఆశ పెట్టుకున్న చిన్న చిన్న కంపెనీలు కోకొల్లలు. అంతకుముందు వెనకబడి ఉండి, ముందు ముందు పెరుగుతాయన్న ఆశ ఉన్న చిన్న షేర్లలో సందేశాల సంఖ్యా వాటి మూడూ అదే సమయపు ధరతోనూ లావాదేవీలతోనూ గట్టిగా కలిసి నడిచాయి. పెద్ద షేర్లలో ఆ జాడే లేదు. 2011లో సభర్వాల్, సర్కార్, జాంగ్ ఇంకో కోణం పట్టుకున్నారు. కంపెనీ గురించి కొత్త వార్తేదీ లేకపోయినా చర్చ మాత్రం హోరెత్తిన షేర్లను ఏరి చూశారు. చర్చ రోజున ధర లేచింది, తర్వాతి రోజుల్లో దిగింది. థామస్ రెనో ట్విటర్‌లో చిన్న కంపెనీల గురించి వచ్చిన 70 లక్షలకు పైగా సందేశాలతో చూసినా అదే వరస: సందేశాలు అసాధారణంగా పెరిగిన రోజున ధర ఎగబాకడం, తర్వాతి వారంలో కూలడం. వ్యాపార భాషలో దీనికి ‘పంప్ అండ్ డంప్’ అని పేరు. ఎత్తి పారబోయడం.

ఈ మూడు పత్రాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే నాకు కనిపించేది ఇది: చిన్న షేర్లలో మాట ధరను కదిలిస్తుంది, నిజమే. కానీ అలా కదిలిన ధర నిలవదు. మాటలో సమాచారం ఉంటే ధర అక్కడే ఆగాలి, లేదా ఇంకా ముందుకు పోవాలి. వెనక్కి వచ్చేసిందంటే వచ్చింది సమాచారం కాదు, జనం చూపు. 2011లోనే జీ డా, జోసెఫ్ ఎంగెల్‌బర్గ్, పెంగ్జీ గావ్ ఈ మాటను గూగుల్ వెతుకులాటలతో ఇంకా శుభ్రంగా చెప్పారు. వెతుకులాటలో మంచీ చెడూ ఉండవు. ఎవరో ఒక షేరు గురించి తెలుసుకోవాలనుకున్నారు, అంతే. ఆ వెతుకులాట పెరిగిన షేర్లు రెండు వారాలు పెరిగి, ఏడాది లోపు ఆ పెరిగినదాన్ని చాలావరకు వదులుకున్నాయి. దీని వెనకున్న కారణం బ్రాడ్ బార్బర్, టెరెన్స్ ఓడీన్ 2008లో చెప్పి ఉన్నారు: కొనేటప్పుడు మామూలు మదుపరి ముందు వేల షేర్లున్నాయి, వాటిలో కంట పడినదాన్నే కొంటాడు. అమ్మేటప్పుడు చేతిలో ఉన్న నాలుగైదింటిలోంచే అమ్ముతాడు. అందుకే చూపు పెరిగితే కొనుగోళ్లే పెరుగుతాయి. పదాల మంచిచెడ్డల మీద పడ్డ శ్రమలో సగం ఈ చూపును సరిగ్గా లెక్కపెట్టడం మీద పడి ఉంటే చిన్న మదుపరికి ఎక్కువ మేలు జరిగేదని నా నమ్మకం.

పదాలు చేసే మోసం

పదాల లెక్కకు కూడా తనదైన చరిత్ర ఉంది. 2007లో పాల్ టెట్లాక్ వాల్‌స్ట్రీట్ జర్నల్‌లో రోజూ వచ్చే ఒక మార్కెట్ కాలమ్‌ను హార్వర్డ్ మనస్తత్వ నిఘంటువుతో తూచాడు. నిరాశ పదాలు పెరిగిన మరునాడు ధరలు పడి, తర్వాత కోలుకున్నాయి. ఆ ఉత్సాహంతో అందరూ అదే నిఘంటువును వాడటం మొదలుపెట్టారు. 2011లో టిమ్ లఫ్రాన్, బిల్ మెక్‌డొనాల్డ్ కంపెనీల వార్షిక నివేదికల మీద దాన్ని పరీక్షించి చూస్తే, అది చెడ్డ పదాలుగా లెక్కపెట్టినవాటిలో దాదాపు మూడొంతులు ఆర్థిక రంగంలో చెడ్డవే కావు. పన్ను, ఖర్చు, మూలధనం, బోర్డు, అప్పు, విదేశీ. ఒక మందుల కంపెనీ క్యాన్సర్ అన్న మాట ఎన్నిసార్లు వాడితే అంత నిరాశలో ఉన్నట్టు లెక్క తేలేది. వాళ్లు ఆర్థిక రంగానికి వేరే పదాల జాబితా కట్టారు. ఆ తర్వాత భాషా నమూనాలు వచ్చాయి. 2019 నాటి ఫిన్‌బర్ట్‌తో మొదలై ఇవాళ్టి చాట్‌జీపీటీ దాకా వాక్యాన్ని వాక్యంగా చదవగలుగుతున్నాయి.

కానీ అవి చదవడం నేర్చుకున్నది ఎక్కడ? ఫిన్‌బర్ట్‌కు మంచి చెడు నేర్పిన వాక్యాలు దాదాపు 4,800. హెల్సింకీ మార్కెట్లో లిస్టయిన కంపెనీల గురించి ఇంగ్లీషులో వచ్చిన వార్తల్లోవి. వాటి మీద గుర్తులు పెట్టింది ఆర్థిక శాస్త్రం తెలిసిన పదహారు మంది. మంచి పనే. అయితే ఆ చదువుతో మన ఫోన్లలో తిరిగే మాటలు అర్థమవుతాయా?

మా బావమరిది ఒక షేర్ల గ్రూపులో ఉన్నాడు. ఓ ఆదివారం మధ్యాహ్నం ఫోను నా చేతిలో పెట్టి, “బావా, ఒక్కసారి చదివి చెప్పవా, వీళ్లు కొనమంటున్నారా వద్దంటున్నారా?” అన్నాడు. నేను కాగితం మీద మూడు గళ్లు గీసుకుని ఒక్కో సందేశాన్నీ ఒక గడిలో వేయడానికి కూర్చున్నాను. తేలికనుకున్న పని సాయంత్రం దాకా సాగింది.

“పడేశార్రా, ఇంకో రెండొందలు వేసుకున్నా.” పదం పడటం, మనిషి మాత్రం కొన్నాడు. కొనుగోలు గడి. “ఓపిక పట్టండి అన్నలూ, ఆపరేటర్ ఇంకా లోపలే ఉన్నాడు.” బయటివాడికి ఆపరేటర్ అన్న మాట వింటేనే గుండె గుభేల్మనాలి. ఆ గ్రూపులో అది ధైర్యం చెప్పే మాట. ధర ఎత్తేవాడు ఇంకా దిగిపోలేదు, మనకు టైముంది అని. “భలే సినిమా చూపించాడు.” ఎవరు, ఎవరికి? ముందున్న పది సందేశాలు చదివితే తప్ప తెలియదు. “సర్క్యూట్.” ధర ఆ రోజు హద్దు తాకి ఆగిందని. పై సర్క్యూటా, కింది సర్క్యూటా? “ఇరుక్కున్నాం బ్రో, ఎగ్జిట్ ఎప్పుడు?” అమ్మకం గడిలో వేశాను. బావమరిది ఒప్పుకోలేదు. “కాదు బావా, వాడు అమ్మడు. ఆర్నెల్ల నుంచీ ఇదే అడుగుతున్నాడు.” ఇద్దరం ఒకే భాష మాట్లాడేవాళ్లం, ఒకే ఇంట్లో కూర్చున్నాం, ఒకే సందేశం చదువుతున్నాం. దాస్, చెన్ పరిశోధనలోనూ మనుషుల చేత విడిగా గుర్తులు పెట్టిస్తే ఏకాభిప్రాయం నాలుగింట మూడు వంతుల దాకా కూడా పోలేదు. యంత్రం తప్పిందో ఒప్పిందో తేల్చే కొలబద్దే అంత మెత్తగా ఉంది.

దీనికి తోడు ఆ సందేశాల్లో చాలావాటిలో భాష తెలుగు, లిపి ఇంగ్లీషు. ‘కొనేశా’ అన్న ఒక్క మాటనే నలుగురు నాలుగు స్పెల్లింగుల్లో రాశారు. తెలుగులో భావాల విశ్లేషణ మీద పని జరగలేదని కాదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఇలాంటి పని జరిగింది. 2017లో అక్కడివాళ్లు తెలుగు వార్తల్లోంచి ఐదు వేలకు పైగా వాక్యాలు తీసి గుర్తులు పెట్టారు. విలువైన సేకరణ అది. కాకపోతే వార్తాపత్రిక తెలుగుకీ షేర్ల గ్రూపు తెలుగుకీ మధ్య దూరం, హెల్సింకీకీ తెనాలికీ మధ్య దూరం కంటే తక్కువేమీ కాదు. ఆ గ్రూపుల తెలుగు తెలిసినవాళ్లు కూర్చుని కొన్ని వేల సందేశాల మీద గుర్తులు పెడితే తప్ప మన భాషలో ఈ కొలత మొదలు కాదు.

నాలుగు సందేశాల లెక్క

పదాల చిక్కు తీరిందే అనుకుందాం. ఇంకో చిక్కు అంకెల్లోనే ఉంది. చాలామంది వాడే కొలత సులువైనది. కొనమన్న సందేశాల్లోంచి అమ్మమన్నవి తీసేసి మొత్తంతో భాగించాలి. ఒక పెద్ద కంపెనీకి రోజుకు 400 సందేశాలు, అందులో 300 కొనమంటాయి, 100 అమ్మమంటాయి. లెక్క 0.5. ఒకే ఒక్కడు మనసు మార్చుకుంటే 0.495. ఏమీ కదల్లేదు. చిన్న కంపెనీకి రోజుకు నాలుగే సందేశాలు. మూడు కొనమన్నాయి, ఒకటి అమ్మమంది. అదే 0.5. ఒక్కడు మనసు మార్చుకుంటే సున్నా. నిన్నటి ఉత్సాహం ఇవాళ మాయమైందని గ్రాఫు చెబుతుంది. నిజానికి మాయమైంది ఒక్క మనిషి ఉత్సాహం. చాలా రోజులు ఒక్క సందేశమూ ఉండదు. ఆ మౌనాన్ని సున్నాగా రాయాలా, ఖాళీగా వదిలేయాలా? పరిశోధకులు ఒక్కొక్కరు ఒక్కో దారి పట్టారు, ఫలితాలూ అందుకు తగ్గట్టు మారాయి.

ఆంట్‌వైలర్, ఫ్రాంక్ దీనికి ఒక మందు సూచించారు. రెండు సంఖ్యలకూ ఒకటి కలిపి, వాటి నిష్పత్తికి లాగరిథం తీస్తే సందేశాల సంఖ్య కూడా కొలతలోకి వస్తుంది. ఐదుగురు ఏకగ్రీవంగా కొనమంటే 1.79. ఐదు వందల మంది ఏకగ్రీవంగా కొనమంటే 6.22. మామూలు నిష్పత్తి అయితే రెండుచోట్లా 1 అని చూపేది. మందు మంచిదే. అయితే కూలి మనుషులను పెట్టి ఐదు వందల సందేశాలు రాయించినవాడికి కూడా అది 6.22 ఇస్తుంది.

మన మార్కెట్‌కు ప్రత్యేకమైన చిక్కులు రెండున్నాయి. విదేశీ పద్ధతులను ఉన్నవున్నట్టు తెచ్చి మన షేర్ల మీద వాడేవాళ్లు వీటిని దాటేస్తున్నారు. మొదటిది సర్క్యూట్. చాలా చిన్న షేర్లకు రోజుకు 5 శాతం, కొన్నిటికి 2 శాతమే హద్దు. పై సర్క్యూట్ తగిలాక కొనేవాళ్లు బారులు తీరి ఉంటారు, అమ్మేవాడు ఉండడు. ఆ రోజు మూడ్ 0.2 ఉన్నా 0.9 ఉన్నా ధరలో కనబడే పెరుగుదల ఒక్కటే, 5 శాతం. వరసగా పది రోజులు అలా తగిలితే ధర 63 శాతం పెరుగుతుంది. ఆ పది రోజుల్లో ఏ రోజు మాట ఏ మేరకు పనిచేసిందో విడదీసే దారి లేదు. మూడ్‌కూ ధరకూ సంబంధం వెతికే సమీకరణంలో ధర అన్న గడికి మూత పడి ఉంటుంది.

రెండోది, పడుతుందని నమ్మేవాడికి నోరు లేకపోవడం. 1977లోనే ఎడ్వర్డ్ మిల్లర్ చెప్పాడు: షార్ట్ చేయడం (చేతిలో లేని షేరును ముందే అమ్మడం) కుదరని చోట ధరలో ఆశావాదుల మాటే మిగులుతుంది. మన దగ్గర ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఉన్నవి రెండు వందల చిల్లర కంపెనీలు. మిగతా వేలాది షేర్లలో పడుతుందని నమ్మినవాడు చేయగలిగింది చాలావరకు దూరంగా ఉండటమే. దూరంగా ఉన్నవాడు ఆ షేరు గురించి రాయడు, ఆ గ్రూపులో ఉండడు. అందువల్ల చిన్న షేరు గురించి ఆన్‌లైన్‌లో దొరికే మాటల రాశి, లెక్క మొదలు కాకముందే ఒక వైపుకు ఒరిగి ఉంటుంది. అమెరికాలో స్టాక్‌ట్విట్స్ వాడే దాదాపు నాలుగు లక్షల మందిని పరిశీలించిన కుక్సన్, ఎంగెల్‌బర్గ్, మలిన్స్ ఇంకో మాట కలిపారు. తాను బుల్‌నని, అంటే ధర పెరుగుతుందని నమ్మేవాడినని, చెప్పుకునేవాడు మరో బుల్‌ను అనుసరించే అవకాశం, పడుతుందనేవాడి కంటే ఐదు రెట్లు ఎక్కువ. తమ మాటే తమకు తిరిగి వినబడే గదులు కట్టుకుంటున్నారు జనం.

ఇన్ని చిక్కుల మధ్య ఈ రంగంలో అందరికీ గుర్తుండిపోయిన పరిశోధన మాత్రం 2011లో యోహాన్ బోలెన్ బృందం ట్విటర్ మూడ్‌తో డౌ జోన్స్ దిశను 85 శాతానికి పైగా సరిగ్గా చెప్పామన్నది. పరీక్షించింది 2008 డిసెంబరులో పదిహేను ట్రేడింగ్ రోజులు. పదిహేను రోజుల మీద ఇంత పెద్ద మేడ కట్టకూడదు. ఆ తర్వాత పుట్టుకొచ్చిన సెంటిమెంట్ స్కోర్ల వ్యాపారానికి ఆ ఒక్క అంకె ఇచ్చిన ఊపుకు, కిమ్‌ల 3 కోట్ల 20 లక్షల సందేశాల నిరాశాజనక ఫలితం అడ్డుకట్ట వేయలేకపోయింది. నాకిది బాధ కలిగించే విషయం.

అమెరికన్ కంపెనీ గేమ్‌స్టాప్ సంగతి ఇక్కడ ఒక్క పోలిక కోసమే. 2021 మొదట్లో 20 డాలర్ల లోపున్న ఆ షేరు జనవరి 28న 483 డాలర్లు తాకింది. అక్కడ రెడిట్‌లో కూడిన జనం నిజమైన జనం. తాము ఏం చేస్తున్నామో బాహాటంగా చెప్పుకున్నారు. షార్ట్ చేసిన ఫండ్లతో తలపడుతున్నామని తెలిసే దిగారు. అది ఊరి మాట. సాధనా బ్రాడ్‌కాస్ట్‌ది చాటింపు. ఇప్పుడున్న ఏ సెంటిమెంట్ స్కోరు అయినా రెండింటికీ ఇంచుమించు ఒకే మార్కు వేస్తుంది.

251 దగ్గర ఆగిన నిబంధన

2020 మార్చిలో దేశంలో డీమ్యాట్ ఖాతాలు 4 కోట్లు. 2024 మార్చి నాటికి 15 కోట్లు దాటాయి. ఆ కొత్త ఖాతాల్లో మన గుంటూరు, వరంగల్, కర్నూలు, కరీంనగర్ కుర్రాళ్లవీ ఉన్నాయి. ఫోనులోనే ఖాతా, ఫోనులోనే సలహా, ఫోనులోనే కొనుగోలు. 2024 ఆగస్టులో ఢిల్లీలో రెండు మోటార్‌సైకిల్ షోరూములు, ఎనిమిది మంది ఉద్యోగులు ఉన్న కంపెనీ 12 కోట్ల రూపాయల ఇష్యూకు వస్తే 4,800 కోట్ల దరఖాస్తులు పడ్డాయి. బేకర్, వర్గ్లర్ ఇరవై ఏళ్ల కిందట తమ సూచీలో కొత్త ఇష్యూల హుషారును ఎందుకు చేర్చారో దీన్ని చూస్తే తెలుస్తుంది. ఆ ఏడాది మార్చిలోనే అప్పటి సెబీ చైర్‌పర్సన్ మాధబి పురీ బుచ్ చిన్న షేర్లలో నురగ పొంగుతోందని హెచ్చరించారు. మ్యూచువల్ ఫండ్లు తమ స్మాల్ క్యాప్, మిడ్ క్యాప్ పథకాల్లో పావు వంతు, సగం వాటాలు అమ్మాలంటే ఎన్ని రోజులు పడుతుందో ప్రకటించడం ఆ నెలలోనే మొదలైంది. మూడ్‌ను కొలవకుండా, మూడ్ మారినప్పుడు తలుపు ఎంత ఇరుకో కొలిచే ఆ పద్ధతి నాకు నచ్చింది.

పుకార్ల మీద కూడా సెబీ ఒక మంచి నిబంధన తెచ్చింది. ప్రధాన స్రవంతి మాధ్యమాల్లో వచ్చిన వార్త వల్ల షేరు ధర చెప్పుకోదగ్గంతగా కదిలితే కంపెనీ 24 గంటల్లోగా దాన్ని ధ్రువీకరించాలి, లేదా ఖండించాలి, లేదా వివరణ ఇవ్వాలి. 2024 జూన్ 1 నుంచి మొదటి 100 కంపెనీలకు, డిసెంబరు 1 నుంచి మొదటి 250 కంపెనీలకు ఇది వర్తిస్తోంది. అక్కడితో ఆగింది. 251వ కంపెనీ నుంచి చిన్న కంపెనీలు మొదలవుతాయి. పుకారు ఎక్కడ ఎక్కువ పనిచేస్తుందో, ఎక్కడ విశ్లేషకుడు ఉండడో, ఎక్కడ అమ్మేవాడికి నోరు లేదో, సరిగ్గా అక్కడికి వచ్చేసరికి ఈ నిబంధన కింద జవాబు చెప్పాల్సిన బాధ్యత లేదు. చిన్న కంపెనీలకు సిబ్బంది తక్కువ, ప్రతి పుకారుకూ జవాబిచ్చే స్తోమత ఉండదన్న వాదన నాకు తెలుసు. ఏటా లెక్కలు దాఖలు చేయగలిగిన కంపెనీకి, “మమ్మల్ని ఎవరూ కొనడం లేదు” అన్న ఒక్క వాక్యం ఎక్స్చేంజీకి రాయడం భారం కాదు.

నిఘా మాత్రం ఉంది. ఎక్స్చేంజీలు అనుమానం ఉన్న షేర్లను చేర్చే జాబితాలు: ఏఎస్ఎం, జీఎస్ఎం, 2023లో 500 కోట్ల లోపు విలువున్న కంపెనీల కోసం వచ్చిన ఈఎస్ఎం. ఇవన్నీ ధరనూ లావాదేవీలనూ చూసి మేల్కొంటాయి. అంటే ఎత్తడం సగం అయ్యాక. మాటల కొలతకు అసలు ఉపయోగం ఇక్కడ ఉందని నాకనిపిస్తుంది. రేపటి ధర చెప్పడానికి దాన్ని వాడితే సైన్సు మనకు పెద్దగా తోడు రాదు. చాటింపు మొదలైందని చెప్పడానికి వాడితే రెనో పరిశోధన నుంచి సాధనా ఉత్తర్వు దాకా అన్నీ తోడొస్తాయి. అందుకు కొలవాల్సినవి వేరు. సందేశం మంచిదా చెడ్డదా అన్నది ఆఖరున చూడొచ్చు. ముందు చూడాల్సింది రాసినవాడి ఖాతా వయసెంత, అతను ఇంకే షేరు గురించైనా ఎప్పుడైనా రాశాడా, ఒకే వాక్యం ఎన్ని గ్రూపుల్లో ఒకే గంటలో దిగింది, కాదన్నవాడు ఒక్కడైనా ఉన్నాడా అని. నిజమైన ఊరి మాటలో కాదనేవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. వాటి పక్కన ఎక్స్చేంజీ రోజూ ఇచ్చే డెలివరీ శాతం (లావాదేవీల్లో నిజంగా ఖాతాలు మారిన షేర్ల వాటా) పెట్టాలి, త్రైమాసికానికి ఒకసారి వచ్చే వాటాల పట్టికలో పెద్దవాళ్ల వాటా తగ్గిందేమో చూడాలి. ఇందులో భాషా నమూనాల పని చిన్నదే, కానీ వాటికి తగినది. ఒకే అబద్ధాన్ని పది రకాలుగా తిప్పి రాసినా ఒకటేనని పట్టుకోవడం వాటికి బాగా వచ్చు. 2023లో అలెహాండ్రో లోపెజ్-లీరా, యుయెహువా టాంగ్ చాట్‌జీపీటీ వార్తా శీర్షికలు చదివి మరునాటి ధరను కొంత చెప్పగలదని, అదీ చిన్న షేర్లలో ఎక్కువని చూపించారు. వాళ్లు చదివించింది వార్తలు. చిన్న కంపెనీ వార్త నెమ్మదిగా పాకుతుంది కాబట్టి ముందు చదివినవాడికి లాభం ఉండొచ్చు. గ్రూపు కబుర్లకు ఆ ఫలితాన్ని అంటగట్టేవాళ్లను నమ్మకూడదు.

ఇదంతా చేయాలన్నా మాటలు దొరకాలి. ఇప్పుడు ఎక్స్‌గా మారిన ట్విటర్, యూట్యూబ్ కొంతవరకు తెరిచిన పుస్తకాలు. మన దగ్గర అసలు వ్యాపారం టెలిగ్రామ్‌లో, వాట్సాప్‌లో నడుస్తోంది. అక్కడ పరిశోధకుడికి తలుపు లేదు, ఉన్నా ఇంకొకరి సొంత మాటలు వాళ్ల అనుమతి లేకుండా తవ్వే హక్కు ఎవరికీ ఉండకూడదు. ఈ మధ్య నేను నా మూడు గళ్ల కాగితం మళ్లీ సరిచూద్దామని బావమరిది ఫోను అడిగాను. షేరు అప్పటికి బాగా దిగింది. గ్రూపు ఉంది. కాగితం మీద కొనుగోలు గడిలో నేను వేసిన సందేశాలున్న చోటికి పైకి జరుపుకుంటూ వెళ్తే ‘ఈ సందేశం తొలగించబడింది’, ‘ఈ సందేశం తొలగించబడింది’ అని వరసగా ఉంది. “ఇరుక్కున్నాం బ్రో, ఎగ్జిట్ ఎప్పుడు?” అన్నది మాత్రం అలాగే ఉంది. ఇవాళ ఎవరైనా వచ్చి ఆ గ్రూపును కొలిస్తే అక్కడ మొదటినుంచీ దిగులే ఉండేదని రాసుకుంటారు.

తొలగించకముందు బావమరిది నాకు పంపిన స్క్రీన్‌షాట్లు కొన్ని నా ఫోనులో మిగిలాయి. అయాచితంగా సందేశాలూ వీడియోలూ తిరుగుతున్న షేర్ల జాబితాను ఎక్స్చేంజీలు ప్రకటిస్తుంటాయి, అలాంటివి కనబడితే తెలపమని అడుగుతాయి. ఇద్దరం కూర్చుని తేదీల వరసలో పెట్టి వాళ్లకు పంపాం. అవి ఎవరి చేతి రాతలో వాళ్లు తేల్చగలుగుతారో లేదో. ఏ రోజు, ఏ గంటకు, ఏ మాట మొదట వచ్చిందో మాత్రం ఇప్పుడు ఒక చోట రాసి ఉంది.